బ్లేజు పాస్కలు – అతని లెక్కలయంత్రము

మన పై తరగతుల బాలబాలికలకు పాస్కలు పేరు క్రొత్తది కాదు. మూసియుంచిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునను నియమము ఆతని పేరిటనే వెలసియున్నది. ఒత్తిడిని కొలుచు ప్రమాణమునకును ఆతని పేరే పెట్టిరి. అంకెలను వరుసలు వరుసలుగా పేర్చి కట్టిన త్రిభుజమొకటియు ఆతని పేరనే పిలువబడుచున్నది. కాని నేనిక్కడ వ్రాయబూనినది వీనిని గూర్చి కాదు. ఈ సంవత్సరము తరగతిలో లెక్కలు చెప్పుచుండగా ఒక బాలిక లేచి, లెక్కచేయు యంత్రమునకు తెలివి యున్నట్లా లేనట్లా అని యడిగినది. చేతిలోని ఫోను మన ప్రశ్నలకు మాటలతో ప్రత్యుత్తరమిచ్చుచున్న దినములివి. అట్టి ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. అప్పటికేదో చెప్పి కూర్చుండబెట్టితిని గాని నా మాట నాకే తృప్తి కలిగింపలేదు. ఇంటికి పోయి ఆలోచింపగా పాస్కలు జ్ఞప్తికి వచ్చెను. తలతో చేయవలసిన పనిని లోహపు చక్రములచేత చేయించి, పిదప ఆ యంత్రమునకును మనుష్యునకును గల భేదమేమని తన్ను తానే ప్రశ్నించుకొనినవా డాతడు.

ఆతడు 1623వ సంవత్సరము జూను 19వ తేదీన ఫ్రాన్సుదేశమున క్లెర్మాంటు పట్టణములో జన్మించెను. తండ్రి ఎతియెను పాస్కలు పన్నుల వ్యవహారములను విచారించు న్యాయస్థానమున ఉద్యోగి. గణితము బాగుగ నెరిగినవాడు. తల్లి 1626లో, బాలుడు మూడేండ్లవాడై యుండగనే చనిపోయెను. అక్క జిల్బర్తు, చెల్లెలు జాక్లిను, తాను, ఈ ముగ్గురే పెరిగి పెద్దయైన సంతానము. తండ్రి మరల వివాహమాడలేదు. 1631లో పిల్లలను వెంటబెట్టుకొని పారిసు నగరమునకు వచ్చి, కుమారుని ఏ బడికిని పంపక తానే విద్య గరపసాగెను.

ఆ తండ్రి పద్ధతి వింతయైనది. మొదట లాటిను, గ్రీకు భాషలు రావలెను. గణితము రుచిచూపినచో బాలుని మనస్సు మరి దేనిమీదను నిలువదని తలచి, ఆ పుస్తకములన్నియు దాచివేసెను. పంతులు నగుటచేత నేనీ పద్ధతిని మెచ్చుకొనలేను. దాచిన వస్తువుమీదనే పిల్లల కన్నులుండును. పండ్రెండేండ్ల బాలుడు ఆటవేళలందు ఒంటరిగా ఒక గదిలో జేరి, బొగ్గుముక్కతో నేలపలకలమీద బొమ్మలు గీయసాగెను. రేఖ, వృత్తము అను పేరులైన నెరుగడు; కడ్డీలు, గుండ్రములు అని తనకు దోచిన పేరులు పెట్టుకొనెను. ఒకనాడు తండ్రి చప్పుడుకాకుండ లోపలికి వచ్చి చూచునప్పటికి, త్రిభుజములోని మూడు కోణములు కలిసి రెండు సమకోణములగునను సంగతిని బాలుడు తనంతట తానే సాధించుచుండెను. తండ్రికి నోట మాటరాలేదు. నేరుగా మిత్రుని యింటికిపోయి ఆనందబాష్పములు రాల్చెనట. నాటినుండి యూక్లిడు గ్రంథము బాలుని చేతికి వచ్చెను. ఇదంతయు అక్క జిల్బర్తు వ్రాసిన చరిత్రమువలన మనకు దెలియుచున్నది. పదునారేండ్లకే ఆతడు శంకుచ్ఛేదములను గూర్చి వ్రాసినది చూచి పారిసులోని పండితు లాశ్చర్యపడిరి.

ఇంతలో ఆ కుటుంబమునకు గండము వచ్చెను. పట్టణపు ఋణపత్రములపై రావలసిన రాబడిని ప్రభుత్వము తగ్గింపగా, దానిని ప్రతిఘటించినవారిలో తండ్రి యొకడు. మహామంత్రియగు రిషెల్యూ ఆగ్రహమునకు గురియై 1638లో పారిసు విడిచి దాగవలసివచ్చెను. మరుసటి సంవత్సరము చిన్నపిల్లయగు జాక్లిను మంత్రి యెదుట ఒక నాటకమున వేషము వేసి, ఆయనను మెప్పించి, తండ్రికి క్షమాపణము సంపాదించెను. క్షమించుటయే గాక రిషెల్యూ ఆయనను నార్మండీ ప్రాంతమున రూఆను పట్టణమునకు పన్నుల యధికారిగా పంపెను. ఆ ప్రాంతమున పన్నుల కారణముననే ప్రజలు తిరుగబడియుండిరి. లెక్కలన్నియు తారుమారై యుండెను. తండ్రి రాత్రులు ప్రొద్దుపోవువరకు కూర్చుండి అంకెలు కూడుచుండెను. కుమారుడు ప్రక్కన గూర్చుండి సాయపడుచుండెను.

అవి యెట్టి లెక్కలో కొంచెము చెప్పవలెను. పండ్రెండు దెనియేలు ఒక సోలు. ఇరువది సోలులు ఒక లీవరు. మన పెద్దల కిది కొత్త కష్టము కాదు. 1957వ సంవత్సరమునకు పూర్వము మన దేశమునను పండ్రెండు దమ్మిడీలు అణాగాను, పదునారణాలు రూపాయిగాను లెక్కించుచుండిరి. దమ్మిడీల వరుసను కూడి పండ్రెండుచే భాగించి, అణాల వరుసను కూడి పదునారుచే భాగించి, పైకి పోయిన దానిని మరువక కలుపుకొనుచు ఒక పుటను ముగించుటకు ఎంత శ్రద్ధ కావలెను! ఒకచోట కన్ను తప్పినచో పుటయంతయు మరల మొదటికి వచ్చును. ఈ పనిలో కష్టపడునది బుద్ధి కాదనియు ఓర్పనియు పాస్కలు గ్రహించెను. 1642లో, ఇంకను ఇరువదేండ్లు నిండకమునుపే, ఈ పనికై యంత్రమును కల్పింప మొదలిడెను.

చేతులతో మోసికొనిపోదగిన చిన్న పెట్టె యది. పై పలకమీద వరుసగా చక్రములుండును. ఒక్కొక్క చక్రము ఒక్కొక్క స్థానమునకు. పుల్లవంటి సాధనమును ఆకుల నడుమ నుంచి త్రిప్పినచో, పైనున్న చిన్న గవాక్షములో అంకె కానవచ్చును. ఇంతవరకు కష్టము లేదు. కష్టమంతయు చేతిలో మిగులు ఒకటివద్ద నున్నది. ఏడును ఎనిమిదియు పదునైదు. ఐదువేసి, ఒకటి చేతిలో నుంచుకొని, దానిని పదుల వరుసలో కలుపుట మన బాలురకు రెండవ తరగతిలోనే నేర్పుదుము. ఆ ఒకటిని బాలుడు మనస్సులో నుంచుకొనును. మనస్సులేని యిత్తడి దానిని ఎక్కడ నుంచుకొనవలెను? పాస్కలు చేసిన యుపాయమిది. ఒక చక్రము సున్ననుండి తొమ్మిదివరకు తిరుగుచుండగా ఒక చిన్న బరువు కొంచెము కొంచెముగా పైకి లేచును. తొమ్మిది దాటి సున్న వచ్చునప్పుడు ఆ బరువు విడివడి క్రిందపడి, పడుటలోనే ప్రక్క చక్రమును ఒక్కయడుగు ముందునకు నెట్టును. కాబట్టి 99,999కి ఒకటి కలిపినను వ్రేలికి బరువుదోపదు. ఒక్కొక్క బరువు తన ప్రక్కదానిని నెట్టుచు పోవును. బాలుని జ్ఞాపకము చేయు పనిని ఆ బరువు చేయుచున్నది. నేనీ యమరికను తరగతిలో నల్లబల్లమీద గీచి చూపినప్పుడు పిల్లలు నిశ్శబ్దముగా చూచుచుండిరి. ఆ నిశ్శబ్దము లెక్కల తరగతిలో తరచుగా దొరకునది కాదు.

చక్రములు ఒకవైపునకే తిరుగును గనుక తీసివేతను సూటిగా చేయ వీలుకాదు. తొమ్మిదినుండి ప్రతి యంకెను తీసివేయగా వచ్చు సంఖ్యను కూడుటచేత తీసివేతను సాధించెను. గుణకారమునకు మరల మరల కూడవలెను.

తలలో నున్నది చేతికి వచ్చుట ఎంత కష్టమో పాస్కలు అప్పుడే తెలిసికొనెను. గడియారములు చేయువారికిని లోహపు పనివారికిని తన భావమును బోధపరచుటకే సంవత్సరములు పట్టెను. కొయ్యతోను, దంతముతోను, రాగితోను ఏబదికి మించిన నమూనాలు చేయించెను. నడుమ రూఆనులో ఒక గడియారపు పనివాడు ఈ వార్త విని తానొక యంత్రమును చేసెను. పైకి చక్కగా నునుపు చేసినది, లోపల దేనికిని పనికిరానిది. దానిని చూచి పాస్కలు ఎంత నొచ్చుకొనెననగా, పనివారినందరిని పంపివేసి పనియే మానివేసెను. చాన్సలరు సెగ్యే ధైర్యము చెప్పగా మరల మొదలుపెట్టి 1645లో యంత్రమును ఆయనకే సమర్పించెను. 1649లో, ఇతరు లెవ్వరును దీనిని చేయరాదని రాజశాసనము లభించెను. 1652లో స్వీడను రాణి క్రిస్టీనాకు ఒకటి పంపెను. కాని వెల నూరు లీవరులు. కొనగలవారు చేతితో లెక్కలు చేసికొననక్కరలేనివారు, చేసికొనువారు కొనలేనివారు. యంత్రములు కొన్నియే అమ్ముడుపోయినవి. ఇప్పటికిని కొన్ని నిలిచియుండి పారిసులోను, క్లెర్మాంటులోను వస్తుప్రదర్శనశాలలలో నున్నవి.

సత్యము చెప్పవలెనన్న మొదటి యంత్రము ఇది కాదు. జర్మనీలో షికార్డు అను పండితుడు పాస్కలు పుట్టిన 1623లోనే ఒకదానిని కల్పించి, ఖగోళశాస్త్రజ్ఞుడగు కెప్లరునకు వ్రాసెను. కెప్లరుకొరకు చేయించుచున్నది మరుసటి సంవత్సరము అగ్నిలో కాలిపోయెను. ఆ జాబులు ఇరువదవ శతాబ్దమువరకు మరుగుపడియుండెను. పాస్కలు దానిని గూర్చి వినియుండలేదు. కంప్యూటరులకు ఆజ్ఞలు వ్రాయు భాషయొకదానికి 1970లో పాస్కలనియే పేరుపెట్టిరి.

ఇక ఒక సందర్శనమును గూర్చి చెప్పవలెను. 1647వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన పారిసులో పాస్కలు ఇంటికి రెనే డేకార్టు వచ్చెను. ఆయనకు 51 ఏండ్లు; యూరపు అంతటను పేరుమోసిన తత్త్వవేత్త. పాస్కలునకు 24, అప్పటికే జబ్బుపడియుండెను. రెండు దినముల పిదప జాక్లిను అక్కకు వ్రాసిన జాబులో ఈ సంగతులున్నవి. రోబెర్వాలను గణితాచార్యుడు యంత్రమును త్రిప్పి చూపగా అందరును మెచ్చుకొనిరి. తరువాత గొట్టములోని శూన్యమును గూర్చి మాటలు వచ్చి, డేకార్టునకును రోబెర్వాలునకును కొంత వేడి పుట్టెను. మరునాటి యుదయము డేకార్టు మరల వచ్చి, దినమును విసుగు పుట్టువరకు పక్కమీదనే యుండవలెననియు, వేడి చారు విరివిగా త్రాగవలెననియు రోగికి సలహా చెప్పెను.

ఈ చిన్న కథలో నాకు కనబడు పెద్ద సంగతి యేమనగా, జంతువులన్నియు గడియారములవంటి యంత్రములేయని వ్రాసినవా డీ డేకార్టే. మనుష్యుని యాకారము గలిగి మాటలు పలుకు యంత్రమునైన చేయవచ్చును గాని, ఎదుటివాని మాటల యర్థమునకు తగినట్లు మాటలు కూర్చి యుత్తరమిచ్చు యంత్రమును చేయజాలరని 1637లో ప్రకటించియుండెను. మనుష్యునకును యంత్రమునకును నడుమ ఆయన నాటిన సరిహద్దురాయి యది. నేడు ఆ రాయి తన చోట నిలిచియున్నదని చెప్పజాలము. ఆ దినమున ఆయన కన్నులయెదుట నుండినది మాటలాడు యంత్రము కాదు. బుద్ధికే చెందినదని యందరు తలచిన యొక పనిని మౌనముగా చేయుచున్న పెట్టె.

పాస్కలు జీవితములో తక్కిన శాస్త్రకార్యములను త్వరగా చెప్పి ముగింతును. 1648 సెప్టెంబరు 19వ తేదీన ఆతని కోరికపై బావ పెరియే ప్యూయి ద డోము అను కొండయెక్కి, పైకి పోయినకొలది గొట్టములో పాదరసము దిగుచున్నదని చూపెను. గాలికి బరువు కలదని లోకమునకు నిశ్చయమైనది. 1654లో ఫెర్మాతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, జూదములోని పందెములను పంచు లెక్కనుండి సంభావ్యతాగణితమునకు పునాది వేసెను.

ఇంటిలోనో, దుఃఖములు వెంటవెంట వచ్చెను. 1651లో తండ్రి చనిపోయెను. మరు సంవత్సరము జాక్లిను పోర్టు రాయలు మఠమున కన్యాస్త్రీగా చేరుటకు పోయెను. అన్న అడ్డుపడెను, ఆమె భాగపు ధనము మఠమునకిచ్చుటకును కొంతకాలము ఒప్పుకొనలేదు. అంతటి బుద్ధిమంతుడు ఒంటరితనమునకు భయపడి చెల్లెలితో లెక్కలాడెను. ఈ భాగమును కప్పిపుచ్చుట నాకిష్టము లేదు. కడపట ఆతడే లొంగి, ధనమిచ్చెను. 1654 నవంబరు 23వ తేది రాత్రి ఆతనికి గొప్ప ఆత్మానుభవము కలిగెను. దానిని గూర్చి బ్రతికినంతకాల మెవ్వరికిని చెప్పలేదు. కాని అప్పటినుండి నడవడి మారెను.

క్రైస్తవమతమును సమర్థించుచు ఒక గ్రంథము వ్రాయదలచి, తోచినవెల్ల కాగితపు ముక్కలమీద వ్రాసికొనుచుండెను. గ్రంథము పూర్తికాలేదు. ఆ ముక్కలనే చనిపోయిన పిదప 1670లో అచ్చువేసిరి. వానిలో తన లెక్కలయంత్రమును గూర్చి చిన్న తలంపొకటి కలదు. జంతువులు చేయు ఏ పనికన్నను ఈ యంత్రము చేయు పని ఆలోచనకు దగ్గరగా నున్నదనియు, ఐనను జంతువులకువలె దీనికి ఇచ్ఛ కలదని చెప్పుటకు దీనిలో ఏమియు లేదనియు దాని భావము. ఎంత నిష్పక్షపాతము! తాను చేసిన వస్తువును తక్కువచేయలేదు, ఎక్కువయు చేయలేదు. పాలకై యేడ్చు దూడకు ఎక్కములు రావు. ఎక్కములన్నియు వచ్చిన పెట్టెకు పాలు అక్కరలేదు. లెక్కచేయుటలో గాక కోరుటలో భేదమున్నదని ఆతడు రాయిని వేరొకచోట నాటెను.

ఆ కాగితములలోనే మరియొక తలంపు కలదు. అది మనకు అంత సుఖకరము కాదు. మనుష్యుడు బుద్ధి ఎంతయో యంత్రమును అంతయేనట. ఋజువులు బుద్ధిని మాత్రమే ఒప్పించును. మనలోని యంత్రమును ఒప్పించునది అలవాటు. రేపు తెల్లవారునని నమ్ముచున్నాము గదా, దానిని ఎవరు ఋజువు చేసిరి? మా బడిలో ఉదయమున పిల్లలు గొంతెత్తి పండ్రెండవ యెక్కము వల్లించుచుండగా వరండాలో నిలిచి నేనీ మాట తలచుకొందును. నోళ్లు పలుకుచున్నవి, కన్నులు చెట్టుమీది ఉడుతను చూచుచున్నవి. ఎక్కము తప్పుట లేదు. వారిలో చక్రములు తిరుగుచున్నవనుటలో తప్పేమి? వల్లెవేయించిన పంతులను నేనే గదా.

పాస్కలు ఈ సిద్ధాంతమును తనమీదనే ప్రయోగించుకొనెను. జనులు తన మాటలను మెచ్చుకొనునప్పుడు మనస్సున గర్వము పుట్టుచున్నదని తెలిసి, ముండ్లుగల ఇనుపపట్టీని ఒంటికి కట్టుకొని, గర్వము కలిగినప్పుడెల్ల మోచేతితో దానిని అదుముకొనుచుండెనట. నాకిది మితిమీరినదిగనే తోచును. బరువు పడగానే చక్రమును తిప్పిన పనివాడు, తన మనస్సునకును అట్టి యమరికనే చేసికొనెను.

చివరి సంవత్సరములలో తలనొప్పిచేత చదువుటయు వ్రాయుటయు దుర్లభమయ్యెను. 1661 అక్టోబరులో జాక్లిను 36వ యేట చనిపోయెను. ఐనను ఆతని బుద్ధి ఊరకుండలేదు. 1662 మార్చి 18వ తేదీన పారిసు వీథులలో, నియమించిన దారిని నియమించిన వేళలకు నడచు గుఱ్ఱపుబండ్లు బయలుదేరెను. ఐదు సోలులిచ్చి యెక్కవచ్చును. నేటి సిటీబస్సులకు ముత్తాతలైన ఆ బండ్ల యేర్పాటు పాస్కలుదే. మిత్రుడగు రోవానే ప్రభువు మొదలగువారు భాగస్థులు. ఆ చలికాలమున బ్లోవా ప్రాంతపు బీదలు ఆకలిచే చచ్చుచున్నారని విని, రాబోవు లాభములోనుండి వేయి లీవరులు ముందుగనే యిప్పించి వారికి పంపవలెనని తొందరపడెను. లాభము వచ్చిన పిదప చూతమని తక్కినవారనిరి. లెక్కప్రకారము వారి మాటయే సరి. ఆకలికి వచ్చు సంవత్సరమువరకు గడువు లేదని ఆతని బాధ.

ఆ వేసవిలో ఆతడు తన యింటిలో ఒక బీద కుటుంబమునకు చోటిచ్చియుండెను. వారి బాలునకు మశూచికము సోకెను. రోగియగు తమ్ముని చూచుటకు జిల్బర్తు ప్రతిదినము రావలెను. ఆమె ఇంట పిల్లలున్నారు. బాలుని వేరొకచోటికి పంపుడని యందరును చెప్పిరి. పాస్కలు ఒప్పక, కదలుట బాలునికన్న నాకే తక్కువ యపాయకరమని, జూను 29వ తేదీన తానే ఇల్లువిడిచి అక్క యింటికి మోయించుకొనిపోయెను. అక్కడ పడకమీద నుండి మరియొకటి కోరెను. తనకు ఇన్ని ఉపచారములు జరుగుచుండగా ఎందరో బీదరోగులు దిక్కులేక యున్నారు. ఒక బీదరోగిని తెచ్చి ఈ యింటనే తనతో సమానముగా పరిచర్య చేయవలెను. అది కుదురలేదు. అట్లయిన కుదురని రోగములవారుండు ఆసుపత్రికి తన్ను తీసికొనిపొండని ప్రాధేయపడెను. వైద్యులు కదలింపరాదనిరి. 1662 ఆగస్టు 19వ తేదీన, 39 ఏండ్ల ప్రాయమున మరణించెను. పారిసులో సెయింటు ఎతియెను దేవాలయమున పాతిపెట్టిరి.

కొన్ని దినములకు ఒక సేవకుడు ఆతని దుస్తులు సర్దుచుండగా చొక్కా లోపలి గుడ్డ ఒకచోట దళసరిగా తగిలెను. కుట్టువిప్పి చూడగా మడిచిన తోలుకాగితమొకటియు, దానిలో మామూలు కాగితమొకటియు నుండెను. రెంటియందును ఆ 1654 నవంబరు రాత్రిని గూర్చి తన చేతితో వ్రాసికొనిన మాటలే. క్రొత్త చొక్కా తొడిగినప్పుడెల్ల పాతదానిలోనుండి విప్పి, క్రొత్తదానిలో తానే కుట్టుకొనుచు ఎనిమిదేండ్లు వెంట మోసియుండెను. మొదట సంవత్సరమును, తేదియు, రాత్రి సుమారు పదిన్నర మొదలు పండ్రెండున్నర వరకు అను వేళయు నుండెను. ఆ క్రింద లెక్కకు సంబంధించినది ఏమియు లేదు.